నడవాలి, కానీ పనిచెయ్యకూడదు

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి లోపలి మనిషి నిలబడే చనిపోయి ఉన్నాడు.

మూలకి ఆనుకుని ఉన్నాడు. చేతిలో మడిచిన గొడుగు ఉంది. దాని మొన నేలకి తన్నిపెట్టి ఉండటంవల్ల ఒరిగిపోలేదు. లిఫ్ట్ ఎక్కబోయిన పెద్దావిడ "కాస్త జరగండి బాబూ" అంది. ఆయన జరగలేదు. "మిమ్మల్నే" అని భుజం తట్టింది. అప్పుడు పడ్డాడు.

మెడ వెనక సూది దిగిన చుక్క. పర్సు లేదు, ఫోన్ లేదు, వాచీ లేదు. కోటు లైనింగ్ కూడా చింపి చూశారు. చంపినవాళ్ళు పని తెలిసినవాళ్ళే. కానీ లిఫ్ట్ మూడో అంతస్తు నుంచి కిందికి రావడానికి పట్టే టైములో ఎవరైనా ఎంతని వెతుకుతారు? ఎడమ బూటు మడమ విప్పి చూడలేదు.

* * *

"కింది లైను చదవండి."

"కనబడటం లేదు డాక్టర్. మబ్బు పట్టినట్టుంది."

"మబ్బు కళ్ళలోనా, అద్దంలోనా?"

"ఇంట్లో."

కోడ్ సరిపోయింది. కళ్ళజోళ్ళ షాపు వెనక ఉన్న చీకటిగదిలో పెద్దాయన తలుపు గడియపెట్టి తెల్లకోటు విప్పాడు. కోటు కింద ఎప్పటిలాగే నలిగిన చొక్కా. డిపార్ట్‌మెంట్ మొత్తాన్ని నడిపే మనిషి ఆయన. చూస్తే మాత్రం రిటైరయిన పోస్ట్‌మాస్టర్ అనుకుంటారు.

ఎదురుగా కుర్చీలో కూర్చున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్ ఫైళ్ళలో అతిథి అంటారు. ఆ పేరు పెట్టినవాడు సరదాకి పెట్టాడేమో కానీ అది అలాగే అతుక్కుపోయింది. ఇన్నేళ్ళలో అతను ఏ ఇంట్లోనూ చొక్కా తగిలించుకోవడానికి మేకు కొట్టలేదు.

"చనిపోయినవాడు ప్రోగ్రామర్" అన్నాడు పెద్దాయన. "విదేశీ ముఠా నుంచి పారిపోయి మన దగ్గరికి వస్తున్నాడు. వాడి బూటు మడమలో పెన్‌డ్రైవ్ దొరికింది."

"అందులో?"

"ఒక ప్రోగ్రామ్. బ్యారేజ్ కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌లో పెట్టి నొక్కితే గేట్లన్నీ ఒకేసారి లేస్తాయి. రిజర్వాయర్ అంచుదాకా నిండి ఉంది. దిగువ కాలనీ వాళ్ళకి చెప్పులేసుకునే టైముండదు."

అతిథి కళ్ళు చార్టు మీదే ఉన్నాయి. ఆ దిగువ కాలనీలో, మొదటి వీధి చివర ఒక ఇస్త్రీ షాపు ఉంది. ఆ షాపు అతని అక్కది.

"ఆవిణ్ణి అక్కణ్ణుంచి పంపించలేం" అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి. "ఒక్క ఇల్లు ఖాళీ అయినా వీధంతా ఎందుకని అడుగుతుంది. వీధి అడిగితే ముఠాకి తెలుస్తుంది."

"తెలుసు సార్."

"ఆవిడ లెక్కలో నువ్వు పడవ మునిగి పోయినవాడివి. అలాగే ఉండాలి."

"అదీ తెలుసు సార్."

పెద్దాయన దగ్గాడు. "నిజానికి దీన్ని ఆపడం పెద్ద పనేం కాదు. వైరు పీకేస్తే ఆగుతుంది. కానీ ప్రొఫెసర్ అని పిలిపించుకునే ముఠా నాయకుడు జారిపోతాడు. ఈ ఊరు కాకపోతే ఇంకో ఊరు, ఈ గేట్లు కాకపోతే ఇంకేవో. ప్రొఫెసర్ ఫోటో కూడా మన దగ్గర లేదు. ప్రోగ్రామర్ ఫోన్‌లో ఒక్క సంగతి చెప్పాడు. ముందు ట్రయల్ చేస్తారట. అది సక్సెస్ అయితేనే ప్రొఫెసర్ స్వయంగా కంట్రోల్ రూమ్‌కి వస్తాడు."

"అంటే ట్రయల్ సక్సెస్ అవ్వాలి."

"అవ్వాలి. ప్రోగ్రామ్ నడవాలి. కానీ పనిచెయ్యకూడదు. అర్థమైందా?"

"కంట్రోల్ రూమ్‌లో ఉన్నది పాత ఆపరేటింగ్ సిస్టమే కదా సార్? ఇది దానికోసమే రాసి ఉంటారు. దాన్ని వేరే సిస్టమ్ మీద నడిపిద్దాం."

"అలా నడుస్తుందా?"

"మధ్యలో దుబాసీని పెడితే నడుస్తుంది. కాంపాటిబిలిటీ లేయర్ అంటారు. ప్రోగ్రామ్ దాని భాషలో విండో తెరవమంటుంది. దుబాసీ ఆ మాటని ఈ సిస్టమ్‌కి అర్థమయ్యేలా చెప్తుంది. అంకెలు చదవమంటే చదివిస్తుంది. తను పరాయి ఇంట్లో ఉన్నానని ప్రోగ్రామ్‌కి తెలీదు."

"మరి గేట్లు ఎత్తమంటే?"

"అక్కడే దుబాసీ సరిహద్దు. గేట్లని కదిపేది కంప్యూటర్‌లో ఉండే ఒక కార్డు. ఆ కార్డుని ముట్టుకోవాలంటే ప్రోగ్రామ్ సిస్టమ్ పునాదుల్లోకి దిగి తన డ్రైవర్‌ని, అంటే ఆ కార్డుని నడిపే ముక్కని, కూర్చోబెట్టాలి. దుబాసీ మాటలు చేరవేయగలదు గానీ ఒకళ్ళని తీసుకెళ్ళి పునాదుల్లో దింపలేదు. అప్పుడేం చేస్తుందంటే, 'ఆ, అయింది' అని ఉత్తుత్తి జవాబు చెప్పి ఊరుకుంటుంది."

"నా గుమాస్తాలాగ."

అతిథి నవ్వాడు. అర సెకను ఆలస్యంగా.

పెద్దాయన ఒక ఫోటో అందించాడు. సన్నటి మెడ, భుజాల దాకా జుట్టు, కెమెరాని కాకుండా కెమెరా వెనకున్న మనిషిని చూస్తున్న కళ్ళు. "కోడ్ పేరు నెమలి. ముఠాలో మన మనిషి. కొన్నాళ్ళుగా కబురు లేదు. చివరి కబురులో ప్రొఫెసర్ తెల్లజుట్టు మనిషనీ, టార్గెట్ రైల్వే వంతెననీ చెప్పింది."

"టార్గెట్ తప్పు కదా."

"తెలీక చెప్పిందో, వాళ్ళ చేతికి చిక్కి చెప్పిందో. నీ మొహం ఆవిడకి తెలీదు. తెలియనివ్వకు. నువ్వు బ్యారేజ్ కంప్యూటర్లు బాగుచేసే కాంట్రాక్ట్ మెకానిక్‌వి. అంతే." తెల్లకోటు తొడుక్కుంటూ ఆగాడు. "నీ కళ్ళు నిజంగానే బాగాలేవోయ్. నిద్రపోతున్నావా?"

* * *

మెకానిక్‌గా మారడానికి అతిథికి పెద్ద సామాను అక్కర్లేదు. మందపాటి కళ్ళద్దాలు, నూనె రాసి పక్కకి దువ్విన జుట్టు, కొంచెం వంగిన నడుము, జిప్పు పాడైన సంచి. సంచిలో ఒక స్క్రూడ్రైవర్. దాని పిడిని రెండుసార్లు వెనక్కి తిప్పితే బ్యారేజ్ అవతలి గట్టు మీద సిమెంట్ లారీలో ఉన్న కమాండోలకి సిగ్నల్ వెళుతుంది.

మేడమీద ఒక గది అద్దెకి తీసుకున్నాడు. ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ. రెండో కుర్చీ కావాలా అని ఇంటాయన అడిగితే "ఎందుకండీ" అన్నాడు. ఆ మాట అన్నాక అతనికే ఏదోలా అనిపించింది.

కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌కి కవలపిల్లలాంటిది బల్ల మీద తయారైంది. అదే రకం పెట్టె, అదే పసుపెక్కిన మానిటర్. లోపల మాత్రం వేరే సిస్టమ్, దాని మీద దుబాసీ, ఆ పైన చనిపోయినవాడి ప్రోగ్రామ్. మొదటిసారి తెరిస్తే విండో తెరుచుకోకుండానే మూసుకుపోయింది. ఒక ఫైల్ లేదంది. అది పెడితే ఇంకోటి లేదంది. అతిథి విసుక్కోలేదు. రోజంతా అతనితో ఏదో ఒకటి అంటున్నది ఆ కంప్యూటర్ ఒక్కటే. ఫోన్ మోగేది రాంగ్ నంబర్లకే. ఆ రాంగ్ నంబర్ల వాళ్ళతో కూడా అతను అవసరమైన దానికన్నా ఒక మాట ఎక్కువే మాట్లాడేవాడు.

నాలుగో రోజుకి ప్రోగ్రామ్ నడిచింది. నీటిమట్టం అంకెలు, గేట్ల బొమ్మలు, ఎర్ర బటన్, అన్నీ వచ్చాయి. ఒక్క తేడా మిగిలింది. అక్షరాలు అసలుదాని కంటే వెంట్రుకవాసి వెడల్పుగా ఉన్నాయి. బటన్ మీద మాట చివర కొంచెం తెగింది. ఎంత కుస్తీ పట్టినా సర్దుకోలేదు. అసలు ఫాంట్ ఈ సిస్టమ్‌లో లేదు. దుబాసీ దానికి దగ్గరగా ఉన్న ఇంకోదాన్ని తెచ్చి పెట్టింది.

అతిథి దాన్ని చాలాసేపు చూశాడు. ఎవరైనా జోక్ వేస్తే ముందు 'ఇక్కడ మెకానిక్ నవ్వుతాడా' అని చూసుకుని ఆ తర్వాత నవ్వడం అతనికి ఎప్పుడో అలవాటైపోయింది. నవ్వు బాగానే వస్తుంది. తేడా వెంట్రుకవాసే.

ఆదివారం బస్సెక్కి దిగువ కాలనీ మీదుగా వెళ్ళాడు. కిటికీలోంచి ఇస్త్రీ షాపు కనబడింది. అక్క చొక్కా కాలరు మీద నీళ్ళు చల్లుతూ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. బస్సు ఆగలేదు. అతను దిగనూ లేదు.

* * *

కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ ఇంజనీరు ఒక్కడే ఉంటాడు. రిటైర్మెంట్ దగ్గరపడిన మనిషి. ముక్కు మీద కోపం, బల్ల మీద ఫ్లాస్కు.

"మళ్ళీ మార్పులా? మొన్నేగా ఎవడో వచ్చి కొత్త మౌస్ పెట్టాడు. అది నా మాట వినదు. నాకు మౌస్ అక్కర్లేదయ్యా, లివర్ చాలు" అని గోడకున్న ఇనుప లివర్ చూపించాడు. గేట్ల మోటార్లకి కరెంటిచ్చే మెయిన్ అది. కింద మెషిన్ హాల్లో మోటార్లు ఎప్పుడూ సన్నగా మూలుగుతూ ఉంటాయి.

నాలుగయ్యేసరికి ఇంజనీరు లేచి లివర్‌ని ధన్‌మని కిందికి దించాడు. మూలుగు ఆగిపోయింది. గది ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది. ఫ్లాస్కు మూత తీశాడు.

"సార్, అది రూలుకి విరుద్ధం కదా?"

"ఏళ్ళ తరబడి వింటున్నానయ్యా ఆ మూలుగు. టీ తాగేంతసేపయినా చెవులకి సెలవివ్వొద్దూ? నువ్వు తాగుతావా?"

ఇద్దరూ మాట్లాడకుండా టీ తాగారు. అతిథికి అంత హాయిగా ఎవరితోనైనా కూర్చుని ఎన్నాళ్ళయిందో గుర్తురాలేదు. టీ అయ్యాక ఇంజనీరు లివర్ పైకెత్తాడు. మూలుగు మొదలైంది.

ఆ సాయంత్రమే అసలు కంప్యూటర్ వెనకున్న బ్యాటరీ గదిలోకి మారింది. వరద టైము, గేట్లని సర్దుతూ ఉండాలి కాబట్టి దాన్ని ఆపడానికి లేదు. కవలపిల్ల దాని చోటులో కూర్చుంది. అంకెలన్నీ అసలుదాన్నుంచి సన్నటి వైరులో దీనికి వస్తాయి. గేట్ల నుంచి కార్డుకి వచ్చే లావుపాటి బూడిదరంగు కేబుల్ మాత్రం గోడకి కన్నం చేసి బ్యాటరీ గదిలోకి తీసుకెళ్ళక తప్పలేదు. దాని ముందు ఒక బీరువా జరిపాడు.

"ఎందుకయ్యా ఇదంతా?"

"సేఫ్టీ సార్."

"ఎవరికి?"

* * *

ట్రయల్ రోజు 'తనిఖీ బృందం' వచ్చింది. ముగ్గురు. ముందు తెల్లజుట్టు పెద్దమనిషి, చేతికర్రతో, ఆఫీసరు దర్జాతో. వెనక లాప్‌టాప్ సంచి మోస్తున్న బట్టతల టెక్నీషియన్. ఆ వెనక బూడిదరంగు సూట్‌లో, నోట్స్ రాసుకుంటూ సెక్రటరీ.

ఫోటోలో ఉన్న కళ్ళే. నెమలి.

టెక్నీషియన్ పెన్‌డ్రైవ్ పెట్టాడు. విండో తెరుచుకుంది. నీటిమట్టం వచ్చింది. టెక్నీషియన్ 'ట్రయల్' నొక్కాడు. గేట్ల బొమ్మల పక్కన ఒక్కొక్కటిగా ఆకుపచ్చ దీపాలు వెలిగాయి. ట్రయల్ అంటే చదవడమే, కదపడం కాదు. దుబాసీకి చేతనైన పనే.

"పర్ఫెక్ట్ సార్" అన్నాడు టెక్నీషియన్ తెల్లజుట్టుతో.

బయట బ్యారేజ్ రెయిలింగ్ దగ్గర నెమలి అతిథి పక్కకి వచ్చి నిలబడింది. "మీరు ఇక్కడే ఉంటారా?"

"పనున్నప్పుడు వస్తానండీ."

"మిగతా టైములో?"

"పని రావాలని చూస్తుంటానండీ."

ఆమె నవ్వింది. "మా ఆఫీసరుగారికి కంప్యూటరంటే భయం. మౌస్ ముట్టుకుంటే చేతులు కడుక్కుంటారు."

అతిథి నవ్వాడు.

ఆమె తల వంచి చూసింది. "మీ నవ్వు బస్సు మిస్సయి ఆటోలో వచ్చినట్టుందండీ."

"చెవులు కొంచెం మందమండీ" అన్నాడు.

"కాదు" అంది మెల్లగా. "చాలాకాలం ఒక్కళ్ళూ ఉన్నవాళ్ళు అలా నవ్వుతారు. నాకు తెలుసు."

ఆ రోజు గదికి వెళ్ళాక అతిథి ఆ మాటనే తిరగేసుకున్నాడు. ఆమె మన మనిషే అయితే? వాళ్ళ మధ్య చిక్కుకుని, కబురు పంపే దారిలేక, ఎవరో ఒక మెకానిక్‌తో మనసులో మాట చెప్పుకుందేమో. అలా నమ్మాలని ఎంత ఉందో గమనించుకుని భయపడ్డాడు. పెద్దాయనకి ఫోన్ చేశాడు.

"ఆమెని వదిలెయ్" అన్నాడు పెద్దాయన. "కంటికి కనబడాల్సింది ప్రొఫెసర్. బటన్ నొక్కేవాడే ప్రొఫెసర్. వేలు బటన్ మీద పడగానే పిడి తిప్పు."

* * *

బృందం మళ్ళీ వస్తున్నామని కబురు పెట్టిన రోజు అతిథి పొద్దున్నే ఇంజనీరు కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"సార్, ఈ ఒక్కరోజు టీ టైములో లివర్ దించకండి. మోటార్లు ఆగితే తనిఖీవాళ్ళు రిపోర్టు రాస్తారు."

"అయితే టీ తాగను."

"తాగండి సార్, లివర్ మాత్రం..."

"ఆ మూలుగు వింటూ తాగితే అది టీ కాదయ్యా, కషాయం." ఇంజనీరు మొహం అటు తిప్పుకున్నాడు. ఫ్లాస్కు మూత తియ్యకుండా లివర్ పక్కన కుర్చీలో అలిగి కూర్చున్నాడు.

ముగ్గురూ వచ్చారు. నాలుగోమనిషి లేడు. అంటే ప్రొఫెసర్ ఈ ముగ్గురిలోనే. అతిథి చూపు తెల్లజుట్టు మీద నిలిచింది. నెమలి చెప్పిన ఆనవాలు అదేగా. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాడు.

తెల్లజుట్టు కుర్చీలో కూర్చుని కర్ర పక్కన పెట్టాడు. టెక్నీషియన్ జేబులోంచి వేలెడంత నల్లటి ముక్క ఒకటి తీసి కంప్యూటర్‌కి గుచ్చాడు. అది ట్రయల్ రోజు లేదు. చనిపోయినవాడి ప్రోగ్రామ్‌లోనూ దాని ఊసు లేదు. హార్డ్‌వేర్ తాళం! ప్రోగ్రామర్ పారిపోయాక కొత్తగా తగిలించి ఉంటారు. ఆ తాళాన్ని ప్రోగ్రామ్ నేరుగా చేత్తో తడిమి చూసుకుంటుంది. మధ్యవర్తి మాట వినదు. దుబాసీ ఏం చెప్పినా లాభం లేదు.

తెల్లజుట్టు ఎర్ర బటన్ మీద బాణం గుర్తు పెట్టి నొక్కాడు.

అతిథి పిడి తిప్పేలోపే కీచుమని చప్పుడు. తెర మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చింది.

'తాళం కనబడలేదు.'

టెక్నీషియన్ తీసి మళ్ళీ గుచ్చాడు. 'తాళం కనబడలేదు.'

గదిలో మోటార్ల మూలుగు తప్ప ఇంకేం లేదు. అప్పుడు జరిగింది ఏ ఆఫీసులోనైనా జరిగేదే. కంప్యూటర్ ఎర్రర్ చూపిస్తే ఎవరూ కంప్యూటర్‌ని చూడరు. ఎవరి చేత తిట్లు తినాలో వాళ్ళ మొహం చూస్తారు. టెక్నీషియన్ తల వెనక్కి తిరిగింది. తెల్లజుట్టు తల కూడా తిరిగింది. ఆఫీసరు దర్జా అంతా దిగిపోయి, హోంవర్క్ మర్చిపోయిన పిల్లాడిలా కళ్ళు పైకెత్తాడు.

ఇద్దరూ సెక్రటరీని చూస్తున్నారు.

అతిథి చేతిలో పిడి రెండుసార్లు వెనక్కి తిరిగింది.

నెమలి తొందరపడలేదు. నోట్స్ పుస్తకం మూసి తెర దగ్గరికి వంగింది. "ఈ అక్షరాలు చూడండి. కొంచెం వెడల్పుగా లేవూ? బటన్ మీద చివరి అక్షరం తెగింది." నిటారుగా నిలబడి అతిథి వైపు తిరిగింది. "ప్రోగ్రామ్ తన ఇంట్లో లేదు. ఈ కంప్యూటర్‌కి వేషం వేశారు. మీలాగే. అన్నీ సరిగ్గా ఉంటాయి. నవ్వు మాత్రం ఆలస్యం."

తెల్లజుట్టు కర్ర పిడి లాగితే లోపల్నుంచి పిస్తోలు వచ్చింది. దాని గొట్టం అతిథి ఛాతీకి గురిపెట్టి ఉంది. టెక్నీషియన్ వాకిలి గడియపెట్టాడు.

"ప్రొఫెసర్‌గారూ" అన్నాడు అతిథి, చేతులెత్తి. "ఆ రోజు రెయిలింగ్ దగ్గర చెప్పింది కూడా వేషమేనా?"

"అది కాదు" అంది. ఆ తర్వాత బూడిదరంగు కేబుల్‌ని కళ్ళతో పట్టుకుంది. కేబుల్ కంప్యూటర్‌లోకి వెళ్ళడం లేదు. బీరువా వెనక్కి వెళుతోంది. "జరపండి."

బీరువా పక్కకి జరిగింది. బ్యాటరీ గది తలుపు తెరుచుకుంది. అసలు కంప్యూటర్ తెర చీకట్లో మెరుస్తోంది. ప్రొఫెసర్ నల్లటి తాళాన్ని, పెన్‌డ్రైవ్‌ని దానికి మార్చింది. ఇక్కడ దుబాసీ లేదు. ప్రోగ్రామ్ తన సొంత ఇంట్లో అడుగుపెట్టింది. తలుపులన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి. తాళం కనబడింది. డ్రైవర్ కూర్చుంది. ఎర్ర బటన్ వెలిగింది.

కమాండోలు వంతెన దాటాలి. దూరంగా లారీ ఇంజను చప్పుడు వినబడుతోంది. దూరంగానే.

కిటికీలోంచి నీళ్ళు కనబడుతున్నాయి. ఆ నీళ్ళకి దిగువన, మొదటి వీధి చివర, ఈ టైముకి అక్క సాయంత్రం బట్టలు మడతపెడుతూ ఉంటుంది.

ఇంజనీరు కుర్చీలో బిగుసుకుపోయి ఉన్నాడు. పిస్తోలు అతిథి వైపే ఉంది. ముసలాయన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

"సార్" అన్నాడు అతిథి మామూలు గొంతుతో. "మీ టీ చల్లారిపోతోంది. తాగెయ్యండి."

ఇంజనీరు అతన్ని చూశాడు. పిస్తోలుని చూశాడు. ఫ్లాస్కుని చూశాడు. ఆయన చెయ్యి ఏళ్ళ తరబడి వెళుతున్న దారినే పైకి వెళ్ళింది.

బ్యాటరీ గదిలో ప్రొఫెసర్ వేలు బటన్ మీద పడింది.

ధన్.

మూలుగు ఆగిపోయింది.

తెర మీద గేట్ల బొమ్మలు చకచకా లేచాయి. సగం, ముప్పావు, పూర్తి. 'విజయవంతం' అని పచ్చటి అక్షరాలు వచ్చాయి, సరైన వెడల్పుతో. ప్రొఫెసర్ పరుగున కిటికీ దగ్గరికి వచ్చింది. గేట్లు కరెంటు లేక మొద్దుల్లా నిలబడి ఉన్నాయి. నీళ్ళ మీద కొంగ ఒకటి తాపీగా దిగింది.

తెల్లజుట్టు పిస్తోలు ఎటు తిప్పాలో తేల్చుకునేలోపు వాకిలి గడియతో సహా లోపలికి పడింది. ఆ వెనకే కమాండోలు. అంత గొడవలోనూ ఇంజనీరు ఫ్లాస్కు మూత తీసి కప్పులో టీ పోసుకున్నాడు. సగం కింద పోయింది.

"కషాయం కాదు కదా సార్?" అన్నాడు అతిథి.

"నాతో మాట్లాడకు" అన్నాడు ఇంజనీరు. కానీ రెండో కప్పు కూడా తీశాడు.

* * *

"కింది లైను చదవండి."

"సార్, ఇవాళ కోడ్ అక్కర్లేదు కదా."

"కోడ్ కాదు. నిజంగానే చదువు" అన్నాడు పెద్దాయన. అతిథి చదవలేకపోయాడు. ఆయన అద్దాలు మార్చి రాస్తూ చెప్పాడు. "ఆ ప్రొఫెసర్ నోరు విప్పడం లేదు. ఒక్కటే అడిగింది. ఆ మెకానిక్ ఎవరని."

"ఏం చెప్పారు?"

"ఉద్యోగం మానేశాడన్నాను. నీకేం కావాలో చెప్పు. సెలవా? ప్రమోషనా?"

అతిథి సంచిలోంచి నలిగిన చొక్కా తీశాడు. "దీన్ని ఇస్త్రీ చేయించుకోవాలి సార్. ఒక్కసారి."

పెద్దాయన ఆ చొక్కా కాలరు తిప్పి చూశాడు. "కస్టమర్‌గా వెళ్ళు" అన్నాడు చివరికి. "కస్టమర్‌గానే తిరిగి రా."

* * *

మందపాటి అద్దాలు, వంగిన నడుము, పక్కకి దువ్విన జుట్టు. షాపులో వేడి గుడ్డ వాసన. బల్ల మీద దుప్పటి అంచులు నాన్న కాలంలో లాగే నల్లబడి ఉన్నాయి. అక్క జుట్టు మాత్రం ముందువైపు తెల్లబడింది.

"ఇప్పుడే కావాలాండీ? కూర్చోండి" అంది చొక్కా అందుకుంటూ. మొహంలోకి చూడలేదు.

అతను స్టూలు మీద కూర్చున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి. కస్టమర్లు మాట్లాడతారు.

"మంచి చొక్కా అండీ. కాలిపోదు కదా?"

"కాలితే ఏముందండీ" అంది అక్క, పెట్టెని కాలరు మీద నడుపుతూ. నాన్న ప్రతి కస్టమర్‌కీ చెప్పిన మాట. ఇద్దరూ బల్ల కింద కూర్చుని వేలసార్లు విన్న మాట. "ఒకవైపు కాలితే..."

అతిథి నవ్వేశాడు.

మాట ఇంకా సగంలోనే ఉంది. ఎవరు నవ్వాలో, నవ్వొచ్చో లేదో ఎవరూ అడగలేదు. నవ్వు దానంతటదే వచ్చేసింది, జోక్ కన్నా ముందే.

అక్క చెయ్యి ఆగిపోయింది. పెట్టె చొక్కా మీదే ఉంది. ఆమె తలెత్తి మందపాటి అద్దాల వెనకకి చూసింది. ఆ తర్వాత వీధిలోకి చూసింది. ఎదురు కొట్టువాడు వీళ్ళనే గమనిస్తున్నాడు. గుడ్డలోంచి సన్నగా పొగ లేచింది. కమురు వాసన వచ్చింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

చివరికి ఆమె పెట్టె పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొగ వల్ల అన్నట్టుగా. చొక్కా ఎత్తి చూపించింది. ఎడమవైపు త్రికోణాకారంలో గోధుమరంగు మచ్చ.

"కాలిపోయిందండీ" అంది, ఎదురు కొట్టువాడికి వినబడేంత గట్టిగా, పరాయి కస్టమర్‌తో మాట్లాడినట్టే. "ఏమనుకోకండి. వచ్చేవారం మళ్ళీ రండి. రెండోవైపు కూడా కాల్చి ఇస్తాను."